షిప్పింగ్ కంటైనర్ కొనే ముందు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పలాసలో జీడి పిక్కల నిల్వకు, రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలకు, భోగాపురం వైపు సైట్ ఆఫీసుకు, హైవే పక్కన టిఫిన్ షాపుకు, ఒడ్డున వలలు, ఇంజిన్లు దాచుకోవడానికి... మన రెండు జిల్లాల్లో పాత కంటైనర్ల కోసం అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ ముందు అడిగేది ధర. నేను ముందు చెప్పేది వేరే. ఇనుప డబ్బా కొనడం సగం పనే. దాన్ని తెచ్చే దారి, దించే క్రేన్, కూర్చోబెట్టే నేల, అక్టోబర్‌లో వచ్చే గాలి, ఇవన్నీ కలిపి మిగతా సగం. ఆ సగం తేల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

20 అడుగులదా, 40 అడుగులదా? ఏది తీసుకోవాలి?

20 అడుగుల కంటైనర్ లోపల కొలిస్తే పొడవు సుమారు 19 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 7 అడుగుల 10 అంగుళాలు ఉంటుంది. ఖాళీ బరువు సుమారు 2.2 నుంచి 2.3 టన్నులు. 40 అడుగులదానికి వెడల్పు, ఎత్తు అంతే, పొడవు రెట్టింపు, బరువు 3.7 - 3.8 టన్నులు. హై క్యూబ్ అనేవి ఇంకో అడుగు ఎత్తు ఎక్కువ, బయట కొలత 9 అడుగుల 6 అంగుళాలు. ఇవి ఎక్కువగా 40 అడుగుల సైజులోనే దొరుకుతాయి.

మనుషులు కూర్చునే ఆఫీసు, షాపు అయితే హై క్యూబ్ మంచిది. లోపల సీలింగ్, ఫ్యాన్ పెట్టాక కూడా తల తగలదు. ఊరి లోపలికో, పొలంలోకో తీసుకెళ్లాలంటే మాత్రం 20 అడుగులదే తీసుకోండి. ఎక్కువ స్థలం కావాలంటే 20వి రెండు పక్కపక్కన పెట్టుకోవడం మేలు. హైవే మీదే స్థలం ఉన్నవాళ్లకు 40 ఇబ్బంది కాదు.

వన్ ట్రిప్, కార్గో వర్తీ, యాజ్ ఈజ్ అంటున్నారు. తేడా ఏంటి?

వన్ ట్రిప్ అంటే ఫ్యాక్టరీ నుంచి ఒక్కసారి సరుకుతో వచ్చినది, దాదాపు కొత్తది. కార్గో వర్తీ అంటే మళ్లీ ఓడ ఎక్కించడానికి పనికొచ్చేది. విండ్ అండ్ వాటర్ టైట్ అంటే గాలి, నీళ్లు లోపలికి రావు అని చెప్పడమే, ఓడ ఎక్కే యోగ్యత గురించి హామీ లేదు. యాజ్ ఈజ్ అంటే ఉన్నది ఉన్నట్టు, తర్వాత ఏం అడిగినా అమ్మినవాడి బాధ్యత ఉండదు.

నిల్వకైతే విండ్ అండ్ వాటర్ టైట్ రకం సరిపోతుంది. కానీ ఆ మాట అమ్మేవాడి నోటి నుంచి కాదు, మీ కళ్లతో చూసి ఒప్పుకోవాలి. షిప్పింగ్ కంపెనీలు సాధారణంగా పది, పదిహేనేళ్లు వాడాక వీటిని అమ్మేస్తాయి. కాబట్టి యార్డులో మీకు చూపించే వాటిలో సొట్టలు, తుప్పు మరకలు ఉండటం మామూలే. సొట్ట ఎక్కడ పడింది, తుప్పు ఎంత లోతుకు పోయింది అన్నదే లెక్క.

తక్కువ ధరకే కంటైనర్ అంటున్నారు. అసలుదేనా?

చాలాసార్లు అది ఓడ మీద తిరిగిన కంటైనర్ కాదు, ఇక్కడ షెడ్డులో రేకులు వెల్డింగ్ చేసి కట్టిన క్యాబిన్. క్యాబిన్ చెడ్డదని కాదు. సైట్ ఆఫీసుకు అది హాయిగా సరిపోతుంది, కిటికీలు, వైరింగ్ అన్నీ చేసే ఇస్తారు. కానీ కంటైనర్ ధర పెట్టి క్యాబిన్ కొనకూడదు.

గుర్తుపట్టడం తేలిక. అసలు కంటైనర్ ఎనిమిది మూలల్లో పోత ఉక్కుతో చేసిన బరువైన దిమ్మలు ఉంటాయి, వాటిలో కోడిగుడ్డు ఆకారం రంధ్రాలు ఉంటాయి. క్రేన్ కొక్కెం తగిలించేది వాటికే. గోడలు సుమారు 1.6 నుంచి 2 మిల్లీమీటర్ల మందం ముడతల ఉక్కు. ఫ్లోర్ 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. తలుపు మీద నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెల నంబరు ఉంటుంది. మామూలు కంటైనర్లకు ఆ నాలుగో అక్షరం ఎప్పుడూ ‘యూ’యే. తలుపుకు బిగించిన లోహపు ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. దాన్ని సీఎస్‌సీ ప్లేటు అంటారు, 1972 నాటి అంతర్జాతీయ కంటైనర్ భద్రతా ఒప్పందం ప్రకారం వేసేది. అదే వయసుకు సాక్ష్యం. ప్లేటు పీకేసి ఉంటే ఎందుకు పీకారో అడగండి.

యార్డుకు వెళ్లినప్పుడు ఏమేం చూడాలి?

ఫొటోలు చూసి కొనకండి. మనకు దగ్గర యార్డులన్నీ విశాఖ పోర్టు చుట్టుపక్కలే. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 కిలోమీటర్ల దూరం. ఒక రోజు పని మానుకుని వెళ్లినా నష్టం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్లండి. ఎందుకో చెబుతాను.

మీతో ఒకరిని తీసుకెళ్లండి. మీరు లోపలికి వెళ్లాక బయట ఉన్నవాళ్లు రెండు తలుపులూ మూసి, కడ్డీలు బిగించాలి. లోపల ఫోన్ లైటు వెలిగించకుండా రెండు నిమిషాలు నిలబడండి. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక పైకప్పు, మూలలు, ఫ్లోర్ అంచులు, తలుపు రబ్బరు చుట్టూ నెమ్మదిగా చూడండి. ఎక్కడ సూది మొనంత వెలుగు కనిపించినా వానాకాలంలో అక్కడ నుంచి నీళ్లు దిగుతాయి. కప్పులో ఒకటి రెండు చిన్న చిల్లులైతే వెల్డింగ్‌తో పోతాయి. వరసగా చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే రేకు పలచబడిపోయిందని అర్థం, దాన్ని వదిలేయండి. ఆ రెండు నిమిషాల్లో ముక్కుకు కూడా పని చెప్పండి. పురుగుమందు వాసన, పులిసిన వాసన గట్టిగా ఉంటే అది అంత తొందరగా పోదు.

తర్వాత కిందకు వంగి అడుగు భాగం చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఫ్లోర్ కింద అడ్డంగా వేసిన ఉక్కు దూలాలు ఉంటాయి. చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నీ తట్టండి. ఖణేల్‌మంటే మంచిది. మొద్దు శబ్దం వచ్చి పెచ్చులు రాలితే తుప్పు లోపలికి తినేసిందని. తలుపు కింద గడప, వెనక మూల స్తంభాల అడుగు, కప్పు మూలలు, తుప్పు ముందు పట్టేది ఈ మూడు చోట్లే. నిచ్చెన వేయించుకుని కప్పు పైకి కూడా చూడండి. సొట్టలో నిన్నటి వాన నీళ్లు నిలిచి ఉంటే అక్కడ రేకు త్వరగా పోతుంది.

ఇక తలుపులు. మీరే తెరిచి, మీరే మూయండి. యార్డు కుర్రాడు భుజంతో తోసి మూసేస్తే మీకు అసలు సంగతి తెలియదు. రెండు తలుపులూ పైన, కింద ఒకే లైనులో కలవకపోతే ఫ్రేము మెలిపడి ఉంటుంది. మెలిపడిన ఫ్రేమును సరిచేయించడం ఖర్చుతో కూడిన పని.

నచ్చినదాని నంబరు ఫొటో తీసుకోండి, బిల్లులో అదే నంబరు రాయించండి. దించే రోజు వచ్చినది అదేనా కాదా అని తలుపు మీద చూసుకోండి.

జీడి పిక్కలు, ధాన్యం, మేత నిల్వ చేయొచ్చా? ఫ్లోర్‌లో మందు ఉంటుందట కదా?

ఉంటుంది. ఓడల ద్వారా చెక్క పురుగులు దేశాలు దాటకుండా ఫ్లోర్ ప్లైవుడ్‌కు పురుగుమందు పట్టిస్తారు. ఏ మందు, ఏ సంవత్సరం పట్టించారన్నది చాలా కంటైనర్ల ప్లేటు మీద చెక్క ట్రీట్‌మెంట్ అనే గడిలో రాసి ఉంటుంది. అది కాక, ముందు ఏ సరుకు మోసిందో, ఏ రసాయనం ఒలికిందో మనకు తెలియదు.

తినే సరుకును నేరుగా ఫ్లోర్ మీద పోయకండి, బస్తాలను కూడా నేరుగా ఆనించకండి. బాగా కడిగి, ఎండబెట్టి, ఫ్లోర్‌కు ఎపాక్సీ పూత వేయించి, పైన ప్లాస్టిక్ ప్యాలెట్లు పరిస్తే మంచిది. నూనె మరకలు లోతుగా దిగి ఉంటే ఆ ప్లైవుడ్ షీటు మార్పించండి. పిల్లలు పాకే ఇంటికి వాడేవాళ్లు అయితే మొత్తం ఫ్లోరే మార్చడం నా సలహా.

లోపల చెమ్మ పడుతుందా?

పడుతుంది. పగలంతా ఎండకు లోపలి గాలి వేడెక్కి, సరుకులోని తేమను పీల్చుకుంటుంది. రాత్రి రేకు చల్లబడగానే ఆ తేమ కప్పుకు నీటి బొట్లుగా పట్టి కింద బస్తాల మీద రాలుతుంది. కప్పు ఎక్కడా చిల్లు లేకపోయినా పై వరస బస్తాలు తడిసిపోయాయని వచ్చేవాళ్లు ఉంటారు. కారణం ఇదే.

కంటైనర్‌కు పుట్టుకతో వచ్చే చిన్న గాలి రంధ్రాలు దీనికి చాలవు. ఎదురెదురు గోడల్లో ఒకటి కింద, ఒకటి పైన జాలీ వెంటిలేటర్లు పెట్టించండి. కప్పు మీద గాలికి తిరిగే టర్బైన్ ఉంటే ఇంకా మంచిది. పిక్కలు బాగా ఎండి, తేమ 9 శాతం లోపుకు వచ్చాకే లోపల పెట్టండి. గోడకూ బస్తాలకూ మధ్య జానెడు ఖాళీ వదలండి. రొయ్యల మేత ఖరీదైన సరుకు, దానికి బూజు పడితే చెరువుకే ముప్పు. అక్కడ ఈ విషయంలో రాజీ పడొద్దు.

కొనేటప్పుడు ఏ కాగితాలు అడగాలి?

కంటైనర్ నంబరుతో జీఎస్టీ బిల్లు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు. ఇవి అందరికీ తెలిసినవే.

తెలియనిది కస్టమ్స్ సంగతి. విదేశీ సరుకుతో వచ్చే కంటైనర్ సుంకం కట్టకుండానే, ఆరు నెలల్లో తిరిగి బయటకు పంపుతామన్న బాండు మీద దేశంలోకి వస్తుంది. దాన్ని ఇక్కడే అమ్మాలంటే సుంకం కట్టి ఉండాలి. అందుకని బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి చేసేటప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) నకలు గానీ, సుంకం కట్టినట్టు కాగితం గానీ అడగండి. ‘అవన్నీ తర్వాత పంపిస్తాం’ అంటే కాగితం వచ్చాకే డబ్బు అనండి. యార్డు గేటు బయటికి తేవడానికి రిలీజ్ లెటర్, లోడింగ్ చార్జీలు ఎవరివో కూడా ముందే రాయించుకోండి.

మా ఊరికి తేవచ్చా? దారి ఎలా చూసుకోవాలి?

హైవే దిగిన దగ్గర నుంచి మీ స్థలం దాకా ఒకసారి బండి మీద మెల్లగా రండి. ట్రైలర్ డ్రైవర్‌ను గానీ, మీ ఊళ్లో లారీ నడిపే తెలిసినవాళ్లను గానీ వెంట తీసుకెళ్లండి.

ట్రైలర్ మీద మామూలు కంటైనర్ ఎక్కితే నేల నుంచి సుమారు 13న్నర అడుగుల ఎత్తు, హై క్యూబ్ అయితే 14న్నర. ఊళ్లలో వీధికి అడ్డంగా వేలాడే కరెంటు, కేబుల్ వైర్లు ఆ ఎత్తులోనే ఉంటాయి. మన జిల్లాల గుండా హౌరా - చెన్నై రైలు మార్గం పొడవునా పోతుంది, లెవెల్ క్రాసింగులు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జిలు ఎన్నో. వాటి ముందు ఎత్తు గేజి (ఎత్తు హద్దు చూపే అడ్డ కమాను) ఉంటుంది, దాని మీద అంకె చదవండి. మీ ఊరికి వెళ్లే దారి అండర్ బ్రిడ్జి ఒక్కటే అయితే వేరే చుట్టుదారి దొరుకుతుందేమో కంటైనర్ కొనక ముందే చూసుకోవాలి.

వంశధార, నాగావళి కాలవల మీద పాత కల్వర్టులు, చెరువు గట్టు దారులు కూడా చూడాలి. డిసెంబర్ తర్వాత నేల గట్టిపడ్డాక తెప్పించడం మంచిది. వానల్లో పొలంలో దిగిన ట్రైలర్‌ను లాగడానికి అయ్యే ఖర్చు ఊహించలేం.

దించడానికి హైడ్రా సరిపోతుందా?

హైడ్రా అంటే చక్రాల మీద నడిచే చిన్న క్రేన్. 20 అడుగుల ఖాళీ కంటైనర్‌కు సాధారణంగా సరిపోతుంది. ఒక విషయం గుర్తుంచుకోండి. 14 టన్నుల హైడ్రా అంటే బూమ్ (క్రేన్ చెయ్యి) దగ్గరగా ఉన్నప్పుడే 14 టన్నులు. బూమ్ చాచిన కొద్దీ ఎత్తగలిగే బరువు బాగా పడిపోతుంది. ప్రహరీ మీదుగా అవతల పెట్టాలంటే ఎంత దూరం చాచాలో ఆపరేటర్‌కు స్థలం చూపించి మాట్లాడుకోండి. 40 అడుగులదానికి పెద్ద క్రేన్ గానీ, రెండు హైడ్రాలు గానీ కావాలి.

గొలుసులు నాలుగు పై మూలలకే తగిలించాలి. నడుముకు బెల్టు వేసి ఎత్తనివ్వకండి. లోపల సరుకుతో ఎత్తనివ్వకండి. పైన 11 కేవీ లైను ఉంటే ఈపీడీసీఎల్ లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపి ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే బూమ్ లేపాలి. ఐదు నిమిషాల పనే కదా అని దీన్ని దాటేస్తే ప్రాణాలు పోతాయి.

పునాది కావాలా? నేల మీద పెట్టేస్తే కాదా?

కావాలి. కంటైనర్ బరువంతా నాలుగు మూలల మీదే పడుతుంది. ఆ నాలుగు మూలల కింద నేలకు అడుగు పైగా ఎత్తు కాంక్రీటు దిమ్మలు కట్టించండి. నాగావళి, వంశధార వరద ఎక్కే ఊళ్లలో గత వరద మట్టం కంటే పైకి లేపాలి. అడుగున గాలి ఆడితే దూలాలు తుప్పు పట్టవు, పాములు, ఎలుకలు చేరినా కనిపిస్తాయి.

నాలుగు దిమ్మలూ ఒకే మట్టంలో ఉండాలి. కంటైనర్ దించాక హైడ్రాను వెంటనే పంపేయకండి. ముందు తలుపు తెరిచి చూడండి. ఒక మూల అర అంగుళం దిగినా తలుపు పట్టేస్తుంది, కడ్డీ పైకి తిరగదు. క్రేన్ అక్కడ ఉండగానే ఆ మూల లేపి ఇనుప ప్లేటు పెడితే తలుపు మళ్లీ వేలితో తోస్తే వచ్చేస్తుంది.

అంత బరువైనది, తుపానుకు కదులుతుందా?

కదులుతుంది. ఈ ప్రశ్నకు జవాబు మన దగ్గర ఇంకెక్కడికన్నా ముఖ్యం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట దెబ్బతిన్నాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ గంటకు 140 - 150 కిలోమీటర్ల వేగంతో పలాస వైపు తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. మధ్య మధ్య విసురు గాలి అంతకన్నా ఎక్కువే.

లెక్క చూడండి. గంటకు 160 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న గోడ మీద చదరపు మీటరుకు సుమారు 120 కిలోల ఒత్తిడి పెడుతుంది. 40 అడుగుల కంటైనర్ పక్క గోడ సుమారు 31.6 చదరపు మీటర్లు. అంటే దాదాపు 3.8 టన్నుల తోపు. కంటైనర్ ఖాళీ బరువు కూడా దాదాపు అంతే. దిమ్మల మీద ఊరికే కూర్చోబెట్టినది జారుతుంది, పొడవైనదైతే పక్కకు పడిపోయే ప్రమాదమూ ఉంది.

అందుకని దిమ్మలు పోసేటప్పుడే లోపల కమ్మీలకు కట్టిన మందపాటి ఇనుప ప్లేటును పైకి కనిపించేలా ఉంచి, కంటైనర్ కూర్చున్నాక దాని కింది మూలలోని ఉక్కు దిమ్మను ఆ ప్లేటుకు వెల్డింగ్ చేయించండి. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు కాంక్రీటు దిమ్మ ఒక్కోటి 1.2 టన్నుల బరువు ఉంటుంది. నాలుగూ కలిపి దాదాపు 5 టన్నులు కింద నుంచి పట్టుకుంటాయి. తీరానికి దగ్గరగా ఉంటే, 40 అడుగులది అయితే ఇంజినీర్‌తో సైజు లెక్క కట్టించండి. హెచ్చరిక వచ్చిన రోజు తలుపు కడ్డీలు నాలుగూ బిగించి తాళం వేయాలి. ఒక్క తలుపు ఊడినా లోపల దూరిన గాలి పైకి నెడుతుంది.

ఎండకు లోపల ఉండగలమా?

ఏమీ చేయకుండా మే నెలలో ఉండలేరు. కప్పు మీద తెల్లటి కూల్ పెయింటు అన్నిటికంటే చవకైన ఉపాయం. దాని మీద అడుగు ఖాళీతో నీడ వేస్తే ఇంకా తేడా తెలుస్తుంది. కాకపోతే ఆ నీడకు రేకులు వేస్తే తుపానుకు అవే ముందు ఎగురుతాయి. కొబ్బరి మట్టలో, షేడ్ నెట్టో వేసి, హెచ్చరిక రాగానే విప్పేసేలా కట్టుకోవడం మన ప్రాంతానికి తగింది. రోజంతా కూర్చునే ఆఫీసైతే లోపల గోడలకు, కప్పుకు పఫ్ ప్యానెళ్లు (వేడిని ఆపే ఫోమ్ పలకలు) వేయించాల్సిందే.

కిటికీలు, షట్టర్ కోయించవచ్చా?

కోయించవచ్చు, ఒక హద్దు వరకు. మూల స్తంభాలు, పై కింది అంచు పట్టీలు జోలికి పోకూడదు. ముడతల గోడ కూడా బలం ఇచ్చేదే. కోసిన ప్రతి చోటా చుట్టూ బాక్స్ పైపు ఫ్రేము వెల్డింగ్ చేయాలి. పక్క గోడ మొత్తం తీసేసి షాపు పెట్టాలనుకుంటే మధ్యలో నిలువు పైపులు తప్పనిసరి. పాత కంటైనర్ల పెయింటులో హానికర లోహాలు ఉండొచ్చు. కోసే చోట ముందు గ్రైండర్‌తో కాకుండా గీకి పెయింటు తీయించి, వెల్డర్‌కు మాస్కు ఇవ్వండి, తలుపులు తెరిచి పని చేయించండి.

కాపలా మనిషి పడుకుంటాడు. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

కంటైనర్ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. బయట ఎవరైనా కడ్డీ వేస్తే లోపలి మనిషి ఇరుక్కుపోతాడు. మనిషి పడుకునేదైతే లోపలి నుంచి తీసుకునే వేరే తలుపు, ఒక కిటికీ పెట్టించకుండా అప్పగించకండి. లోపల పొయ్యి వెలిగించడం, కుంపటి పెట్టడం వద్దు, విషవాయువుతో నిద్రలోనే ప్రాణం పోతుంది. గోడలన్నీ ఇనుమే కాబట్టి కరెంటు ఇచ్చేటప్పుడు ఎర్తింగ్ చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. నిల్వ కంటైనర్‌లో పిల్లలు దాగుడుమూతలు ఆడకుండా ఎప్పుడూ తాళం ఉండాలి.

పంచాయతీ పర్మిషన్ కావాలా?

కదిలే వస్తువు కదా, అక్కర్లేదు అని అమ్మేవాళ్లు చెబుతారు. దిమ్మలకు వెల్డింగ్ చేసి, కరెంటు మీటర్ పెట్టాక ఆ మాట నిలబడదు. సచివాలయంలో ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. హైవే మార్జిన్‌లో పెట్టకండి, తీసేయమంటే క్రేన్ ఖర్చు మీదే. సముద్రం ఒడ్డున బారువ, కళింగపట్నం, చింతపల్లి లాంటి చోట్ల తీరం పక్కన కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు కూడా ఉంటాయి.

ఉప్పు గాలికి తుప్పు పట్టదా? అది కోర్టెన్ స్టీలు అంటారు కదా.

కోర్టెన్ ఉక్కు మీద పట్టే పైపొర తుప్పు లోపలి లోహాన్ని కాపాడుతుందన్నది నిజమే, కానీ తడిసి ఆరే చోటే. ఎప్పుడూ ఉప్పు తేమ ఉండే తీరంలో ఆ పొర నిలవదు. గీతలు పడ్డ చోటల్లా వైరు బ్రష్‌తో గీకి, జింక్ ప్రైమర్ కొట్టి, పైన ఎపాక్సీ పెయింటు వేయించండి. తీరంలో ఉంటే ప్రతి వేసవి ఒకసారి గడప, అడుగు దూలాలు చూసుకోండి.

పాత రీఫర్ కంటైనర్ కొంటే చేపలకు కోల్డ్ రూమ్ అవుతుందా?

రీఫర్ అంటే చల్లబరిచే మెషిన్ ఉన్న కంటైనర్. గోడల్లో ఫోమ్ ఉంటుంది కాబట్టి చల్లదనం నిలుస్తుంది. మెషిన్ పనిచేస్తుందా అన్నదే ప్రశ్న. దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి, బాగుచేసే మెకానిక్ దగ్గర్లో ఉండాలి. యార్డులోనే కరెంటు ఇప్పించి, చెప్పిన ఉష్ణోగ్రతకు దిగేదాకా కూర్చుని చూడండి. మెషిన్ లేకుండా అమ్మేది కొంటే ఐస్ పెట్టుకునే గదిగా వాడుకోవచ్చు, మెషిన్ తీసిన ఖాళీని ఇన్సులేషన్‌తో మూయించాలి.

ధర తగ్గేదాకా ఆగాలా? తర్వాత అమ్ముకుంటే ఎంత వస్తుంది?

కంటైనర్ ధర మన చేతిలో లేదు. 2021లో ప్రపంచమంతా కంటైనర్ల కొరతతో రేట్లు విపరీతంగా పెరిగాయి, తర్వాత దిగాయి. అందుకని రెండు మూడు యార్డుల్లో ఒకే రోజు అడగండి. కంటైనర్ ధర, యార్డు లోడింగ్, ట్రైలర్, క్రేన్, దిమ్మలు, పెయింటు విడివిడిగా రాసుకుని కూడితేనే అసలు ఖర్చు తెలుస్తుంది. దూరం పెరిగిన కొద్దీ ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ట్రైలర్, క్రేన్ లెక్కే పెద్దదవుతుంది.

తిరిగి అమ్మేటప్పుడు కోయనివాటికి ధర బాగా పలుకుతుంది. ప్లేటు పీకకండి, తలుపు మీద నంబరు కనిపించకుండా పెయింటు వేయకండి, బిల్లు, సుంకం కాగితాలు భద్రంగా ఉంచండి. కొనేవాళ్లు మొదట అడిగేది అవే.